రాత్రిపూట నీళ్ల గిన్నె తీసేయకండి

ప్రశ్న: మా ఆడపడుచు వాళ్లు కూతురి కాన్పుకని అమెరికా వెళ్తూ వాళ్ల లాబ్రడార్‌ను మా దగ్గర వదిలారు. ఆడకుక్క, తొమ్మిదో ఏడు నడుస్తోంది. టీకాల కార్డులో బరువు 28 కిలోలని ఉంది. మా ఇంటికొచ్చి నెలన్నర. రెండు వారాలుగా నీళ్లు తెగ తాగుతోంది. లీటరు పట్టే గిన్నె రోజుకు మూడు నాలుగు సార్లు నింపాల్సొస్తోంది. తిరుపతి ఎండలు కదా, అందుకేలే అనుకున్నాం. ఇప్పుడు రాత్రిళ్లు హాల్లోనే పోసేస్తోంది, ఆ అలవాటు ముందు లేదట. పది గంటలకు గిన్నె తీసేస్తే తెల్లవారుజామున బాత్‌రూం బకెట్లో మూతి పెట్టి తాగింది. తిండి తింటోంది కానీ మునుపటి ఊపు లేదు. దురదకని రోజూ సగం మాత్ర వేయమన్నారు, వేస్తున్నాం. పక్కింటావిడ షుగరేమో అంటోంది. ఇది ఎండా, జబ్బా? పరాయివాళ్ల కుక్క, భయంగా ఉంది.
— పేరు వద్దన్న పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

సమాధానం: అమ్మా, మిగతాదంతా తర్వాత. ముందు ఈ రాత్రి నుంచే గిన్నె తిరిగి పెట్టండి, నిండుగా పెట్టండి. ఎక్కువ తాగుతోంది కాబట్టి ఎక్కువ పోస్తోందని అందరూ అనుకుంటారు. జబ్బుల్లో చాలావరకు జరిగేది దీనికి తలకిందులు. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేక వదిలేస్తుంది. ఆ పోయిన నీటిని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంది. గిన్నె తీసేసినంత మాత్రాన పోవడం ఆగదు, పూడ్చుకోవడం మాత్రం ఆగిపోతుంది. ఒక్క రాత్రిలోనే ఒంట్లో నీరు తగ్గి, అంతంతమాత్రంగా ఉన్న కిడ్నీ పూర్తిగా దెబ్బతినొచ్చు. హాలు తడిస్తే తుడుచుకోవచ్చు. పాత దుప్పటి పరిచి, దాని కింద ప్లాస్టిక్ పట్టా వేయండి. పదకొండింటికోసారి, వీలైతే తెల్లవారుజామున మూడింటికోసారి బయటికి తీసుకెళ్లండి.

ఎండా, జబ్బా అన్న మీ ప్రశ్నకు జవాబు గిన్నెలో కంటే మూత్రంలో బాగా దొరుకుతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికి చల్లబడే దారి, ఆ వగర్పులో నీరు ఆవిరైపోతుంది. కాబట్టి మే నెల ఎండకు ఎక్కువ తాగడం నిజమే. కానీ ఆ నీరు నోటి గుండా పోతుంది గనుక మూత్రం పెరగదు. కొంచెమే, చిక్కగా, పసుపుపచ్చగా, ఘాటు వాసనతో వస్తుంది. మీ ఇంట్లోలాగా తాగిందంతా మడుగులు మడుగులుగా, దాదాపు నీళ్లలాగే బయటికొస్తుంటే ఆ తప్పు ఎండ మీద వేయలేం. రాత్రి ఫ్యాను కింద చల్లని గ్రానైటు మీద పడుకున్న కుక్కకు తెల్లవారుజామున బకెట్లో మూతి పెట్టేంత దాహం ఎండ వల్ల రాదు.

ఇక కొలత. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. 100 దాటితే దాన్ని అతిదాహం కింద లెక్కేసి కారణం వెతకాల్సిందే. మీ 28 కిలోల కుక్కకు మామూలుగా లీటరున్నర, కాస్త అటూ ఇటూ. 2.8 లీటర్లు దాటితే జబ్బు అనుమానించాలి. మీరు చెప్పిన మూడు నాలుగు గిన్నెలు ఆ గీత దాటేశాయి. అయినా సరే ఒకసారి సరిగ్గా కొలవండి, ఆస్పత్రిలో మొదట అడిగేది అదే.

కొలవడం ఇలా. పొద్దున ఆరింటికి గిన్నె ఖాళీ చేసి, లీటరు బాటిల్‌తో కొలిచి పోయండి. ఆ రోజు ఎన్ని బాటిళ్లు పోస్తే అన్ని గీతలు క్యాలెండరు మీద గీయండి. మర్నాడు ఆరింటికి గిన్నెలో మిగిలింది కొలిచి, పోసిన మొత్తంలోంచి తీసేయండి. ఇక్కడ రెండు చోట్ల లెక్క తప్పుతుంది. ఒకటి, దొంగ నీళ్లు: బాత్‌రూం బకెట్, వెస్ట్రన్ కమోడ్, పూలకుండీల కింది పళ్లెం, ఏసీ నీళ్లు పట్టే డబ్బా. అన్నీ మూసేయాలి. రెండోది, ఆవిరి. వెడల్పు గిన్నె ఫ్యాను కింద ఉంటే ఈ ఎండల్లో నీళ్లు బాగానే తగ్గుతాయి. అలాంటిదే ఇంకో గిన్నె అంతే నీళ్లతో కుక్కకు అందని ఎత్తులో పెట్టి, అందులో తగ్గినంత తీసివేయండి. మామూలుగానైతే మూడు రోజులు కొలిచి సగటు కట్టమంటాం. మీ కుక్క విషయంలో అంత ఆగొద్దు, ఒక్క రోజు చాలు. ఎందుకో కింద చెబుతాం.

తిండి మారిందా అన్నది కూడా చూసుకోండి. ఆడపడుచు గారింట్లో పెరుగన్నం తినే కుక్కకు మీరు ప్యాకెట్ గింజలు పెడుతున్నారనుకోండి. కిలో పెరుగన్నంలో ముప్పాతిక వంతు, అంటే 750 మిల్లీలీటర్ల దాకా నీరే. దానికి సరిపడే 300 గ్రాముల గింజల్లో ఉండేది 30 మిల్లీలీటర్లు. ఆ తేడా అంతా గిన్నెలోంచే తాగాలి, కాబట్టి ముప్పావు లీటరు దాకా పెరగడం జబ్బు కాదు. కానీ ఆ పెరుగుదల తిండి మార్చిన మొదటి రెండు రోజుల్లోనే కనిపించి అక్కడే నిలిచిపోతుంది. నెల గడిచాక మొదలు కాదు. అదే మీరూ పెరుగన్నమే పెడుతూ ఉంటే, ఆ పైన మూడు లీటర్లు తాగడం ఇంకా ఎక్కువ అనుమానించాల్సిన సంగతి. ఉప్పుచేప, ఊరగాయ కలిసిన మిగులు అన్నం తిన్నా దాహం వేస్తుంది, అదీ ఒక పూటో, ఒక రోజో.

ఇప్పుడు ఒక్క రోజు చాలు అన్నదెందుకో చెబుతాం. మీ ఉత్తరంలో లేని ముఖ్యమైన మాట ఒకటుంది: ఈ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? కాకపోతే చివరిసారి ఎదకొచ్చింది ఎప్పుడు? మీ ఆడపడుచు గారికి వాట్సాప్‌లో ఇది ఇప్పుడే అడగండి. ఆపరేషన్ కాని, వయసు మీరిన ఆడకుక్క ఎదకొచ్చి పోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, ఎక్కువ నీళ్లు తాగడం మొదలుపెడితే మొట్టమొదట అనుమానించాల్సింది గర్భసంచిలో చీము. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎద తగ్గాక కూడా రెండు నెలలపాటు హార్మోను ప్రభావం వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా, మెత్తగా ఉంటుంది. ఎద సమయంలో లోపలికి చేరిన సూక్ష్మజీవులు అందులో పెరిగి చీము పడుతుంది. ఆ క్రిముల విషం కిడ్నీని, నీటిని ఆపమని మెదడు పంపే హార్మోను మాట విననివ్వదు. దాహం అందుకే. చాలామంది దాహాన్ని వదిలేసి కడుపు ఉబ్బేదాకా, వాంతులయ్యేదాకా ఆగుతారు. అప్పటికి విషం రక్తంలో కలిసిపోయి ఉంటుంది.

గర్భసంచి మూతి తెరుచుకుని ఉంటే తోక కింద టొమాటో చారు రంగులోనో, పాలు కలిపిన కాఫీ రంగులోనో చెడు వాసనతో జిగురు కనిపిస్తుంది. కుక్క అదేపనిగా నాకేస్తుంది కాబట్టి మనకు కనబడకపోవచ్చు. పడుకుని లేచిన చోట తెల్లగుడ్డతో తుడిచి చూడండి. మూతి మూసుకుపోయిన రకంలో ఏమీ కారదు, అదే ఎక్కువ ప్రమాదం. జ్వరం ఉండి తీరాలనేం లేదు. పొట్ట నొక్కి చూడకండి, లోపల సంచి చిట్లిపోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. తేలితే మందు ప్రధానంగా ఆపరేషనే, సంచి తీసేయడం. సమయానికి చేస్తే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి. "తిండి తింటోంది కానీ మునుపటి ఊపు లేదు" అని మీరు రాసిన ముక్కే మాకు నచ్చలేదు. ఆపరేషన్ కాని కుక్కే అయితే నీళ్ల కొలత పూర్తికాకపోయినా రేపు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈలోపు వాంతి చేసుకున్నా, తిండి మానేసినా, లేవలేకపోయినా రేపటిదాకా కూడా ఆగొద్దు.

రెండో అడగాల్సిన మాట ఆ దురద మాత్ర. అట్ట వెనక సన్న అక్షరాలు చదవండి. ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెక్సామిథసోన్, బీటామిథసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టీరాయిడ్. దాహం, మూత్రం, ఆకలి మూడూ పెరగడం దానికి మామూలే. దురద మందులన్నీ స్టీరాయిడ్లు కావు లెండి. అయితే ఒక చిక్కుంది. స్టీరాయిడ్ దాహం మాత్ర మొదలెట్టిన కొద్ది రోజుల్లోనే వస్తుంది. మీరు నెలన్నరగా వేస్తుంటే, దాహం రెండు వారాల కిందట ఎందుకు మొదలైంది? మధ్యలో పాత అట్ట అయిపోయి మెడికల్ షాపులో కొత్తది కొన్నారా? ప్రెడ్నిసొలోన్ 5, 10, 20, 40 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. పేరు చూసి ఇచ్చేస్తారు, పక్కనున్న అంకె చూడరు. 5లో సగం వేసే చోట 20లో సగం పడితే మోతాదు నాలుగింతలు. పాత అట్ట చెత్తలో పడేయకపోతే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అంకె తేడా కనిపించినా సరే, మాత్ర మీ అంతట మీరు హఠాత్తుగా ఆపేయకండి. బయటి నుంచి స్టీరాయిడ్ అందుతున్నన్నాళ్లూ కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి తన పని మానేసి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే కుక్క కుప్పకూలొచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా దించాలి. ఇంకో మాట: మాత్ర స్టీరాయిడ్ అని తేలింది కదా, కారణం దొరికింది అనుకుని గర్భసంచి పరీక్ష మానేయొద్దు. రెండూ ఒకేసారి ఉండొచ్చు. పైగా స్టీరాయిడ్ చీము లక్షణాలను కప్పేస్తుంది.

పక్కింటావిడ మాటా కొట్టిపారేసేది కాదు. కుక్కలకు షుగర్ వస్తుంది. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో ఎద తర్వాతి రెండు నెలల్లో బయటపడటం కూడా మామూలే, ఆ హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. ఆవురావురుమని తింటూ చిక్కిపోవడం దీని గుర్తు. కొన్ని నెలల్లో కళ్లు పాలపొర కమ్మినట్టు తెల్లబడతాయి. మూత్రం పోసిన చోట చీమలు పట్టడం మన పెద్దవాళ్లు చెప్పే గుర్తు, అది నిజమే గానీ చీమలు రాలేదు కదా అని షుగర్ లేదనుకోకూడదు. మెడికల్ షాపులో మూత్రంలో గ్లూకోజు, కీటోన్ (షుగర్ ముదిరి ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టేది) చూసే స్ట్రిప్పులు దొరుకుతాయి. ముంచి, డబ్బా మీద చెప్పినన్ని సెకన్లు ఆగి రంగు సరిచూడండి. కుక్క రక్తంలో షుగర్ 180 నుంచి 220 మధ్య ఉండే గీత దాటితేనే మూత్రంలోకి దిగుతుంది, మామూలు కుక్కకు అసలు కనిపించకూడదు. గ్లూకోజుతో పాటు కీటోన్ కూడా రంగు మారితే అది ఆ రోజే చూపించాల్సిన కేసు. నీరసంగా ఉందని గ్లూకోజు నీళ్లు పట్టడం మన దగ్గర అలవాటు. షుగర్ లేదని తేలేదాకా ఆ పని చేయకండి.

మూత్రం పట్టడం ఆడకుక్కకు కొంచెం కష్టం. పాత స్టీలు గరిటెను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, చీపురుకర్రకు గట్టిగా కట్టండి. పొద్దున నిద్ర లేవగానే, నీళ్లు తాగకముందే బయటికి తీసుకెళ్లండి. కూర్చోగానే గరిటె తోస్తే బెదిరి లేచిపోతుంది. ధార మొదలయ్యాక రెండు సెకన్లు ఆగి వెనక నుంచి కిందికి జరపండి. మూత ఉన్న శుభ్రమైన, పొడి సీసాలో పోసి రెండు గంటల్లోపు అందించండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. నేల మీంచి సిరంజితో లాగింది పనికిరాదు, ఫినాయిలు కలిస్తే ఫలితం తారుమారు.

ఆ సీసాతో ఆస్పత్రిలో మీరు నోరు తెరిచి అడగాల్సిన పరీక్ష ఒకటుంది: మూత్రం సాంద్రత, స్పెసిఫిక్ గ్రావిటీ. రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టంలో ఒక్క చుక్క వేసి చూస్తారు. 1.030 పైన ఉంటే కిడ్నీ నీటిని బాగానే పట్టి ఉంచుతోందని అర్థం, అప్పుడు దాహం కథను మళ్లీ మొదటి నుంచి చూడాలి. 1.008 నుంచి 1.012 మధ్యనే పదేపదే వస్తుంటే కిడ్నీ జబ్బు వైపు చూస్తారు. 1.008 కంటే కిందికి వస్తే కిడ్నీకి నీరు వదిలే శక్తి ఉంది, ఆపే ఆజ్ఞే అందడం లేదని అర్థం. హార్మోన్ల జబ్బులు, గర్భసంచి చీము, కాల్షియం పెరగడం అక్కడ కనిపిస్తాయి. షుగర్ ఉన్న మూత్రంలో మాత్రం ఈ అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) బాగుంది కదా అని చాలామంది ఊరటపడతారు. కిడ్నీ ముప్పాతిక వంతు పాడయ్యేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదు, నీటిని పట్టే శక్తి అంతకంటే ముందే పోతుంది. అందుకే ఈ చుక్క పరీక్ష.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి మన ఊరికి సంబంధించిన ఒక జాగ్రత్త. లాబ్రడార్లకు లడ్డూ అంటే ప్రాణం, ఇంట్లో ప్రసాదం ఎప్పుడూ ఉంటుంది. అందులోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీకి విషం. ఏ కుక్కకు ఎంత తింటే హాని అన్న లెక్క లేదు, గుప్పెడు తిని ఏమీ కానివీ ఉన్నాయి, నాలుగు గింజలకే కిడ్నీలు పోయినవీ ఉన్నాయి. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి మూలమని ఇప్పుడు గట్టిగా అనుమానిస్తున్నారు, అదే ఆమ్లం చింతపండులో పుష్కలం. కాబట్టి పులిహోర, చింతపండు గుజ్జు కూడా వద్దు. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీ దెబ్బ. మొదట దాహం పెరిగి, తర్వాత మూత్రమే ఆగిపోతుంది. రెండు వారాలుగా సాగుతున్న మీ కథకు ఇది సరిపోదు. ప్రసాదం ఎత్తున పెట్టండి, అంతే. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికలు కూడా అందనివ్వకండి. అవి నాలుగైదు మింగితే కాల్షియం పెరిగి ఇదే దాహం, ఆపైన కిడ్నీ.

పిడుదులు పట్టిన చరిత్ర ఉంటే డాక్టరుకు చెప్పండి. పిడుదు జ్వరం పాతబడితే కిడ్నీ నుంచి ప్రోటీన్ కారడం మొదలవుతుంది. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ అంటుతుంది. కారణం తేలేదాకా హాలు తుడిచేటప్పుడు చేతికి గ్లోవ్స్ వేసుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్లు వాడండి. కార్డులో లెప్టో టీకా ఏడాది లోపు పడిందేమో చూడండి.

కుషింగ్స్ అనే జబ్బు ఒకటి మిగిలింది. ఒంట్లోనే స్టీరాయిడ్ ఎక్కువ తయారవడం. కడుపు కుండలా వేలాడటం, చల్లటి రాత్రిలోనూ వగర్పు, రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు రాలడం, తీరని ఆకలి. ఇది నెలల మీద ముదిరే జబ్బు, వారం ఆలస్యమైతే కొంప మునగదు. స్టీరాయిడ్ మాత్రలు వేస్తూ ఉండగా దీని పరీక్షలు చేయిస్తే అర్థం లేని అంకెలొస్తాయి. ఎవరైనా వెంటనే చేయిద్దామంటే మాత్ర సంగతి చెప్పండి.

రాత్రి హాల్లో పోయడంలోనూ తేడాలున్నాయి. లేచి వెళ్లి ఒక మూల పెద్ద మడుగు పోస్తే నిజంగానే మూత్రం ఎక్కువ. నిద్రలోనే తెలియకుండా పక్క తడిస్తే మూత్రాన్ని పట్టే కండరం వదులైంది. మాటిమాటికీ కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తే ఇన్ఫెక్షన్ కావొచ్చు. మడుగెంతో తెలియాలంటే పాత తువ్వాలును వంటింటి కాటా మీద పొడిగా తూచి, మడుగును పూర్తిగా పీల్చుకోనిచ్చి మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరు. కుక్క మూత్రం పోసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

తిరుపతిలో పశువైద్య కళాశాల ఆస్పత్రి మీకు దగ్గరే. 1955లో పెట్టిన కళాశాల, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. చిత్తూరు నుంచి ఇది చదువుతున్నవాళ్లు దగ్గరి పశువుల ఆస్పత్రిలో ముందు రక్తం, మూత్రం చూపించుకోండి. స్కాన్ అక్కడ కుదరకపోతే 70 కిలోమీటర్లు కారులో కుక్క పక్కన నీళ్ల గిన్నె పెట్టుకునే రండి. పొద్దున తిండి పెట్టకుండా తీసుకెళ్తే రక్త పరీక్షకు మంచిది. నీళ్లు మాత్రం ఆపకూడదు. నొప్పేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వేయకండి, రెండోది కిడ్నీకి నేరుగా దెబ్బ.

పరాయివాళ్ల కుక్క అన్నారు కదా, దానికో ముందుచూపు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. ఆపరేషన్ కావాలని డాక్టరు చెప్పే సమయానికి వాళ్లు నిద్రలో ఉండొచ్చు. అందుకే ఈ రోజే మీ ఆడపడుచు గారి చేత రాయించి పెట్టుకోండి: "అవసరమైతే ఆపరేషన్ చేయించండి, ఇంత డబ్బు వరకు మమ్మల్ని అడగక్కర్లేదు" అని. వాయిస్ మెసేజ్ అయినా ఫరవాలేదు. దాంతో పాటే ఈ సంగతులూ అడగండి: ఆపరేషన్ అయిందా, చివరి ఎద ఎప్పుడు, దురద మాత్ర ఎప్పటి నుంచి, ఎన్ని మిల్లీగ్రాములు, ఇంతకుముందు కిడ్నీ, పిడుదు జ్వరం చికిత్స జరిగిందా, ఆ రిపోర్టులు ఫోన్‌లో ఉన్నాయా. వాటి స్క్రీన్‌షాట్లు, టీకాల కార్డు, మాత్రల అట్ట, మూత్రం సీసా, క్యాలెండరు కాగితం ఒక సంచీలో పెట్టుకుని వెళ్లండి.